మతి చలించినవారును పోలీసువారును

2020వ సంవత్సరము మే నెల 16వ తేదీని విశాఖపట్టణములో పట్టపగలు నడివీధిని జరిగిన సంఘటనను ఆంధ్రదేశము ఇంకను మరచియుండదు. నర్సీపట్నము ప్రభుత్వాసుపత్రిలో మత్తువైద్యుడుగా పనిచేసిన ఒక దళిత వైద్యుడు, కరోనా దినములలో వైద్యులకు ముఖకవచములు చాలినన్ని లేవని బహిరంగముగా ఆక్షేపించి, ఆ పిమ్మట ఉద్యోగమునుండి సస్పెండు చేయబడియుండెను. ఆనాడు ఆయన ఒంటిపై చొక్కా లేక, చేతులు వెనుకకు త్రాటితో కట్టబడి రోడ్డుపై పడియుండుట, చుట్టును పోలీసువారు నిలిచియుండుట, ఒక కానిస్టేబులు లాఠీతో కొట్టుట చిత్రములయందు లోకమంతయు చూచినది. మద్యము త్రాగి అల్లరి చేయుచుండెనని పోలీసువారు చెప్పిరి. పిమ్మట ఆయనను కింగ్ జార్జి ఆసుపత్రికిని, అచటినుండి ప్రభుత్వ మానసిక వైద్యశాలకును తరలించిరి. కానిస్టేబులును సస్పెండు చేసిరి. మే 22వ తేదీని హైకోర్టు ఈ వ్యవహారముపై విచారణను సి.బి.ఐ.కి అప్పగించెను. మరుసటి సంవత్సరము మే నెలలో ఆ వైద్యుడు గుండెపోటుతో మరణించెను.

ఆ దినమున ఆయనకు మతి స్థిమితముగా ఉండెనా లేదా అను విచారణలోనికి మేము పోము. అది మాకు తెలిసిన విద్యయు కాదు. ఇచట అవసరమును కాదు. స్థిమితముగానే యున్నచో ఆయన ఒక పౌరుడు. తప్పు చేసియున్నచో నేరారోపణ పొందిన పౌరుడు. అట్టివానికైనను అలవాటుగా సంకెల తగిలించుట అమానుషమని జస్టిస్ కృష్ణయ్యరు 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసున సుప్రీంకోర్టు పక్షమున స్పష్టముగా చెప్పియున్నారు. మతి చలించియున్నచో ఆయన రోగి. అప్పుడు పోలీసువారు చేయవలసిన దేమో 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నూరవ సెక్షనులో వరుసగా వ్రాసిపెట్టినది. ఈ రెండు దారులలో దేనిని పట్టి నడచినను త్రాటి యొద్దకు చేరుట లేదు. మరి ఆ త్రాడు ఎచటినుండి వచ్చినది? అదియే మా ప్రశ్న.

దానికి జవాబు పాత చట్టములలో దొరకును. 1912వ సంవత్సరమున ఆంగ్ల ప్రభుత్వము వారు చేసిన ఇండియన్ లూనసీ యాక్టు 13వ సెక్షను ప్రకారము, తన హద్దులలో తిరుగాడు పిచ్చివానిని ఠాణా అధికారి అరెస్టు చేయవచ్చును. పిచ్చిచేత అపాయకరుడైనవానిని అరెస్టు చేసియే తీరవలెను. అరెస్టు అనుమాటనే చట్టము వాడినది. అరెస్టు చేసినవానిని మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టవలెను. దొంగకును పిచ్చివానికిని ఆ చట్టమునందు దారి ఒక్కటే. కడపట చేరుచోటు మాత్రమే వేరు. పెక్కుచోట్ల ఆ వేరును లేదు. ఏ నేరమును ఎరుగని రోగులును జైళ్లలోనే ఉండిరి. ‘నేరము చేయని పిచ్చివారు’ అని వారికొక ప్రత్యేకమైన పేరును ప్రభుత్వపు కాగితములయందు ఏర్పడినది. నేరము లేనివాడు జైలులో ఉండుటకు ఒక వర్గము, ఒక శీర్షిక, ఒక రిజిస్టరు! పరాయి ప్రభుత్వము పోయిన తరువాతను ఈ శీర్షిక నలువదియేండ్లకు పైగా బ్రదికినది. షీలా బార్సే వేసిన దావాలో 1993వ సంవత్సరమున సుప్రీంకోర్టు, నేరము చేయని మానసిక రోగులను జైళ్లలో ఉంచుట చట్టవిరుద్ధము, రాజ్యాంగవిరుద్ధము అని తీర్పు చెప్పువరకును అది సాగినది.

1912 నాటి చట్టము 81 ఏండ్లు నిలిచినది. దాని స్థానమున వచ్చిన 1987వ సంవత్సరపు మానసిక ఆరోగ్య చట్టము 1993 ఏప్రిలులోగాని అమలునకు రాలేదు. అందు అరెస్టు అనుమాట పోయి రక్షణ అనుమాట వచ్చినది. కాని రక్షణలోనికి తీసికొన్నవానిని ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుటనే హాజరుపెట్టవలెను. మాట మారినదిగాని త్రోవ మారలేదు. త్రోవ మారినది 2017లో. మేజిస్ట్రేటు స్థానమున వైద్యుడు వచ్చెను. ఆ సెక్షనునకు చట్టము పెట్టిన శీర్షికలోనే పోలీసు అధికారుల ‘విధులు’ అని యున్నది, అధికారములు అని లేదు. దీనిని మేము చిన్న సంగతిగా ఎంచము.

ఆ విధులను పాఠకులు తెలిసికొనియుండుట మేలు. ఏలయన నేడో రేపో మన వీధిలోనే అవసరపడవచ్చును. తన్ను తాను చూచుకొనలేక తిరుగాడు మానసిక రోగిని గాని, రోగకారణమున తనకో యితరులకో అపాయము కలిగింపగలవానిని గాని ఠాణా అధికారి రక్షణలోనికి తీసికొనవలెను. ఎందుకు తీసికొన్నదియు అతనికి చెప్పవలెను. అర్థము చేసికొనలేని స్థితియందున్నచో అతని ప్రతినిధికి చెప్పవలెను. సాధ్యమైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనను ఇరువదినాలుగు గంటలు మించకుండ, సమీపమునందలి ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను. లాకప్పులో గాని జైలులో గాని ఎట్టి పరిస్థితులలోను ఉంచరాదు. ‘ఎట్టి పరిస్థితులలోను’ అనుటలో రాత్రియైనదనియు, బండి లేదనియు, పెద్ద అధికారి రాలేదనియు చెప్పు సాకులన్నియు కొట్టివేయబడినవి. వైద్యుడు చూచి, ఆసుపత్రిలో ఉంచదగిన రోగము లేదని తేల్చినచో పోలీసువారే అతనిని ఇంటికి దిగబెట్టవలెను. ఇల్లులేనివానిని ప్రభుత్వ ఆశ్రయమునకు చేర్చవలెను. తిరుగాడుచు దొరికినవాని విషయమున తప్పిపోయిన మనిషి అని ఎఫ్.ఐ.ఆర్. వ్రాసి, అతని కుటుంబమును వెదకి జాడ తెలుపుట ఠాణా అధికారి బాధ్యత.

ఈ కడపటి విధిని గురించి ఒక్కమాట. మన రైలు ప్లాట్‌ఫారములమీద, బస్సుస్టాండులలో, గుడిమెట్లవద్ద జడలుకట్టిన జుట్టుతో తనలో తాను మాటలాడుకొను స్త్రీని ఎవరు చూచియుండరు? ఆమె పలుకునది పిచ్చిమాట అని మనము దాటిపోవుదుము. అది ఒరియా కావచ్చును, బెంగాలీ కావచ్చును. మన ఆడపడుచు ఏ బొంబాయి ఫుట్‌పాత్‌మీదనో కూర్చుండి చక్కని తెలుగున తన ఊరిపేరు చెప్పుచున్నను, అచటి కానిస్టేబులునకు అదియు పిచ్చిమాటయే. డాక్టరు భరత్ వట్వానీయు ఆయన సహధర్మచారిణియు కర్జత్‌లో నడుపు శ్రద్ధా సంస్థ చేయుచున్న పని అంతయు ఇదియే: వీధినుండి తీసికొనివచ్చి, వైద్యము చేసి, మందుతో మనసు కుదుటబడి ఊరిపేరు చెప్పిననాడు ఇంటికి చేర్చుట. ఇందుకు ఆయనకు 2018లో మెగసెసే బహుమానము లభించెను. ఒక వైద్యుడు పూనుకొని చేసినదానికి ఆసియాఖండము మెచ్చుకొన్నది. దానినే చట్టము దేశమునందలి ప్రతి ఠాణాకును నిత్యవిధిగా అప్పగించినది.

విధి మరచినచో ఏమగునో అస్సామునందలి మచల్ లాలుంగ్ కథ చెప్పును. 1951లో ఇరువదిమూడేండ్ల వయసున పోలీసువారు అతనిని పట్టుకొని తేజ్‌పూరు మానసిక వైద్యశాలకు పంపిరి. ఇతడు బాగుగానున్నాడని 1967లో వైద్యులు వ్రాసిరి. బాగుగానున్నాడు గనుక ఇంటికి పోవలెనని మనము తలంతుము. అతడు జైలునకు పోయెను. విచారణ జరుగలేదు. అడిగినవారు లేరు. 2005 జూలైలో ఒక్క రూపాయి పూచీకత్తుపై విడుదలై బయటికి వచ్చునప్పటికి అతనికి 77 ఏండ్లు. యాబదినాలుగేండ్ల నిర్బంధమునకు 3 లక్షల రూపాయలును, నెలకు వేయి రూపాయలును ఇప్పింపుమని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. 2007లో అతడు మరణించెను. ఇందు క్రూరుడైన పోలీసు ఎవడును కానరాడు. లాఠీయు లేదు, త్రాడును లేదు. ఒక ఆఫీసు కాగితమును ఇంకొక ఆఫీసు చూడలేదు, అంతియే. ఇరువదినాలుగు గంటలు అని చట్టము గడియారము పెట్టుట వైద్యుని తొందరపెట్టుటకు మాత్రమే కాదు, మనిషిని మరచిపోకుండుటకు.

పోలీసువారి పక్షమునను చెప్పవలసినది కలదు. రాత్రి పదునొకండు గంటలకు ఒకడు కత్తి పట్టుకొని మేడమీద నిలిచియున్నాడని ఇరుగుపొరుగువారు ఫోను చేయుదురు. వచ్చునది ఇద్దరు కానిస్టేబుళ్లు. వారికి జనసమ్మర్దమును చెదరగొట్టుట నేర్పిరి. దొంగను పట్టుట నేర్పిరి. లేని గొంతులు చెవిని వినుచున్న మనిషితో ఎంత దూరమున నిలిచి, ఏ స్వరమున, ఎంతసేపు మాటలాడవలెనో వారికి నేర్పినవారెవరు? గట్టిగా గద్దించినచో మామూలు మనిషి తగ్గును. ఇతడు బెదిరి మీదికి వచ్చును. మీదికి వచ్చినవానిని పట్టి కట్టుటయే వారెరిగిన విద్య. పోనీ, నెమ్మదిగా ఒప్పించి జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోయిరనుకొందము. ఆ వేళకు మానసిక వైద్యుడు ఉండడు; ఉన్న డ్యూటీ వైద్యుడు పాత చట్టపు వాసన వదలనివాడైనచో మేజిస్ట్రేటు ఉత్తరువు ఏదీ అని అడుగును. మేజిస్ట్రేటు ఉత్తరువు అవసరము లేదని చట్టము చెప్పి ఎన్నేండ్లైనను ఆ అడుగుట పోలేదు. అప్పుడు ఠాణా బెంచీమీద తెల్లవారవలసినదే. బెంచీకిని లాకప్పునకును నడుమ నాలుగడుగుల దూరము.

కొరత ఎంతటిదో ప్రభుత్వమువారి లెక్కలే చెప్పుచున్నవి. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ వారు నడపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వయసువచ్చినవారిలో నూటికి 10.6 మంది ఏదో ఒక మానసిక బాధతో ఉన్నట్లు తేలినది. సర్వే జరిగిన పండ్రెండు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేదు. ఎర్రగడ్డ అనుమాటను ఒకరినొకరు వెక్కిరించుటకు వాడుకొనుట మనకు బాగుగా వచ్చును. అంతకుముందు తరములవారు కీల్పాక్ అనెడివారు. ఊరిపేరును తిట్టుగా మార్చుకొన్నంత సులువుగా మనమా ఊరిలో ఎందరు రోగులున్నారో లెక్కపెట్టుకొనలేదు.

పురుగుమందు త్రాగినవారి సంగతి వేరుగా చెప్పవలెను. ఆత్మహత్యాప్రయత్నము 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షను క్రింద నేరము. ప్రాణము మీద విసుగుపుట్టి మందు త్రాగిన రైతు ఆసుపత్రిలో కన్ను తెరచునప్పటికి మంచము ప్రక్కన కానిస్టేబులు నోటుపుస్తకముతో నిలిచియుండును. కేసు భయమున ఇంటివారు, మంచినీళ్లనుకొని పొరపాటున త్రాగినాడని వ్రాయింతురు. పొరపాటున త్రాగినవానికి మానసిక వైద్యము ఎవరు చేయుదురు? అబద్ధము వలన కేసు తప్పినది, దానితో వైద్యమును తప్పినది. 2017 చట్టము 115వ సెక్షను ఇచట గొప్ప మేలు చేసినది: అట్టి ప్రయత్నము చేసినవాడు తీవ్రమైన మానసికపు ఒత్తిడిలో ఉండెనని, వేరుగా రుజువైననే తప్ప, భావించి శిక్షింపరాదనియు, వానికి వైద్యమును పునరావాసమును చూపుట ప్రభుత్వపు బాధ్యత అనియు శాసించినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ పాత 309వ సెక్షనే లేదు. కాని ప్రభుత్వోద్యోగిని ఒత్తిడిపెట్టుటకై ఆత్మహత్యకు ప్రయత్నించుట 226వ సెక్షను క్రింద నేరముగా మిగిలినది. కలెక్టరు కచేరీ ఎదుట భూమి తగాదాకై నూనె పోసికొనిన రైతును పోలీసువారు ఏ కంటితో చూతురు, రోగిగానా, ముద్దాయిగానా? ఈ సెక్షనును మిగిల్చినవారు ఆ రైతును ఎన్నడైనను దగ్గర నిలిచి చూచిరో లేదో మాకు సందేహమే.

ఇంటిలోపలి సంకెలనుగూడ చెప్పక తీరదు. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళదేశపు ఏర్వాడిలో పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న రోగులు లేచి పారిపోలేక కాలిపోయిరి. 28 మంది మృతినొందిరి. ఏ విధముగానైనను గొలుసుతో కట్టుటను 2017 చట్టము 95వ సెక్షను నిషేధించినది. ఇంటిలో మానసిక రోగి హింసకో అలక్ష్యమునకో గురియగుచున్నాడని నమ్ముటకు కారణమున్నచో ఠాణా అధికారి వెంటనే మేజిస్ట్రేటునకు తెలుపవలెనని 101వ సెక్షను చెప్పుచున్నది. ఎవరైనను ఠాణాకు ఆ సంగతి తెలుపవచ్చును. పెరటి పశువులపాకలో పదియేండ్లుగా కాలికి గొలుసున్న మనిషిని ఊరందరు ఎరుగుదురు. ఠాణాకు మాత్రము తెలియదు. ఆ గొలుసు వేసిన తల్లిదండ్రులు దుర్మార్గులని మేము అనము. కూలికి పోకున్న పూటగడవదు, విడిచిపోయిన బావిలో పడునో రోడ్డుమీదికి పోవునో తెలియదు. మండలమున వైద్యము లేదు. వారిపై కేసు పెట్టుటకు ముందు వారి ఊరికి మందు చేర్చవలెను. బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యులకే ఈ వైద్యమును నేర్పి చూపిరి. 1996లో దేశమున మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఆ ప్రయోగమే మాతృక.

ఇతర దేశములవారును ఈ చిక్కును దాటివచ్చినవారు కారు. ఇంగ్లండున 1983 నాటి చట్టము 136వ సెక్షను క్రింద పోలీసు పట్టుకొనినవానిని సురక్షిత స్థలమున 72 గంటలు ఉంచవచ్చును. ఆ సురక్షిత స్థలము పెక్కుసార్లు పోలీసుకొట్టే అయ్యెడిది. 2017లో దానిని 24 గంటలకు తగ్గించి, పదునెనిమిదేండ్లు నిండనివారిని కొట్టులో పెట్టుటను పూర్తిగా మాన్పించిరి. అమెరికాలో మెంఫిస్ నగరమున 1987లో కత్తితో తన్ను తాను కోసికొనుచున్న ఒక నల్లజాతి యువకుని పోలీసువారు కాల్చి చంపగా ఊరు అట్టుడికినది. మరుసటి యేడు ఆ పోలీసు శాఖ వైద్యులను, రోగుల కుటుంబములవారిని పిలిచి, ముందుకు వచ్చిన పోలీసులకు నలువది గంటల ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టెను. నలువది గంటలు! మన పోలీసు శిక్షణ కళాశాలలలో కవాతునకు పట్టు కాలముతో పోల్చినచో అదెంత?

ఇక మా మనస్సును కలవరపెట్టు విషయమొకటి కలదు. 2017 చట్టము మేజిస్ట్రేటును తొలగించి వైద్యుని పెట్టినది గదా. రోగికి అది మేలే. రోగి కానివానికో? నమ్ముటకు కారణము కలదని ఠాణా అధికారి తలంచినచాలును. ఈ ‘కారణము’ ఎంత సాగునో స్వాతంత్ర్యోద్యమపు దినములు ఎరిగిన మన పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. సోవియట్ రష్యాలో 1970లో జోరెస్ మెద్వెదేవ్ అను జీవశాస్త్రజ్ఞుని, ప్రభుత్వమును విమర్శించుచు వ్రాసినవానిని, పిచ్చివాడనుచు పంతొమ్మిది దినములు వైద్యశాలలో బంధించిరి. విశాఖపట్టణమున జరిగినది అదియేనని మేము అనుట లేదు. కాని ప్రభుత్వమును ఆక్షేపించిన వైద్యుని త్రాటితో కట్టి మానసిక వైద్యశాలకు పంపిననాడు, ప్రజలకు ఆ అనుమానము కలుగుటకు తావిచ్చినది పోలీసువారే. ఎందుకు రక్షణలోనికి తీసికొన్నదియు అప్పటికప్పుడు వ్రాసి, ప్రతిని ఇంటివారి చేతికిచ్చియున్నచో, వెంట కుటుంబమువారిని పోనిచ్చియున్నచో, ఆ అనుమానమునకు చోటుండెడిది కాదు. బలవంతపు చేర్పులపై రోగి మొరపెట్టుకొనుటకు చట్టము మానసిక ఆరోగ్య సమీక్షా మండలులను ఏర్పరచినది. వానిని నియమించుటలో పెక్కు రాష్ట్రములు ఏండ్లకొలది జాగుచేసినవి. మేజిస్ట్రేటు పోయి మండలి రానిచో నడుమ నిలిచిన మనిషి ఎవరితో చెప్పుకొనవలెను?

ప్రభుత్వములను మేము అడుగునది కొండమీది కోతిని కాదు. పోలీసు అధికారులకు ఎప్పటికప్పుడు ఈ విషయమున శిక్షణ ఇప్పింపవలెనని చట్టము 30వ సెక్షనులో ప్రభుత్వమునకే విధి యున్నది. దానిని పైయధికారుల సెమినారులతో సరిపెట్టక రాత్రి గస్తీ తిరుగు కానిస్టేబులు దాక దింపవలెను. ప్రతి ఠాణాకును, రాత్రివేళ రోగిని చేర్చవలసిన వైద్యశాల ఏదియో, అచట బాధ్యుడైన వైద్యుడెవరో ముందుగనే వ్రాసి యివ్వవలెను. మేజిస్ట్రేటు కాగితము అడుగరాదని ఆ వైద్యునికిని ఉత్తరువు పోవలెను. 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము పెట్టిన టెలి మానస్ ఫోను సంఖ్య 14416ను ఠాణా గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. ఇంటివారు ముందు ఆ సంఖ్యకు ఫోను చేసినచో పెక్కు సందర్భములలో పోలీసుబండియే రానక్కరలేకపోవును.

వీనికన్నను ముందుగా ఒక రిజిస్టరు కావలెను. నూరవ సెక్షను క్రింద ఏ ఠాణాలో ఎందరిని రక్షణలోనికి తీసికొనిరి, ఎన్ని గంటలలో వైద్యుని యొద్దకు చేర్చిరి, ఎందరి కుటుంబముల జాడ దొరికినది, దొరకనివారు ఇప్పుడెచట ఉన్నారు? ఈ నాలుగు గళ్లు నింపి జిల్లాలవారీగా శాసనసభ బల్లమీద పెట్టుడని రాబోవు సమావేశములలో రెండు రాష్ట్రముల సభ్యులలో ఎవరైనను ప్రశ్న వేయవచ్చును. ఏ పక్షమువారు వేసినను మేము ఆ జవాబును ఈ పుటయందే అచ్చువేయుదుము.